లెక్కల ఏడాది జూన్‌లో మొదలవుతుంది, పోటీల ఏడాది సెప్టెంబరులో

మేడం, మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖ దగ్గర పెందుర్తి వైపు ఒక జెడ్పీ హైస్కూల్‌కి లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా వచ్చారు. ఆరు నుంచి పది వరకు 280 మంది పిల్లలు, లెక్కలకు మీతో కలిపి ఇద్దరు. ఈ ఏడాది బోధన, పోటీ పరీక్షలు రెండూ కలిపి ఒక ప్లాన్ రాసిమ్మని హెచ్ఎం అడిగారు. తల్లిదండ్రులేమో "ఒలింపియాడ్ రాయిస్తారా?" అంటున్నారు. ఏ పోటీకి ఎవరిని పంపాలి, సిలబస్ వెనకబడకుండా ఎలా చూసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జూన్ 12కి బడి తెరుస్తాం. పెద్ద పోటీ పరీక్ష ఐఓక్యూఎం, అంటే గణిత ఒలింపియాడ్ దారిలో మొదటి అర్హత పరీక్ష, సెప్టెంబరు మొదట్లోనే వచ్చేస్తుంది. అంటే పిల్లలకు దొరికేది పన్నెండు వారాలు. అందులోనే ఎఫ్ఏ1 అనే బడి పరీక్ష, వానలు, పంద్రాగస్టు అన్నీ. ఆ పన్నెండు వారాల్లో ఎనిమిదో తరగతి పిల్లకి సంఖ్యావాదం నేర్పడం కుదిరే పని కాదు. చాలా బడులు జూలైలో హడావుడిగా ఓ మెటీరియల్ పుస్తకం కొని, సాయంత్రం క్లాసులు పెట్టి, సెప్టెంబరులో పిల్లలు ముప్పై ప్రశ్నల్లో మూడు కూడా చేయలేక దిగులుపడితే "మన పిల్లల వల్ల కాదు" అని వదిలేస్తాయి. తప్పు పిల్లలది కాదు, క్యాలెండర్‌ది. పోటీ ఏడాదిని సెప్టెంబరులో మొదలుపెట్టి వచ్చే సెప్టెంబరుకి ముగించండి. ఈ ఏడు రాసేవాళ్లు పేపరు ఎలా ఉంటుందో చూడటానికి రాస్తారు. వాళ్ల అసలు పరీక్ష వచ్చే ఏడాది. ఈ మాట తల్లిదండ్రులకు జూలైలోనే చెప్పేయండి.

జూన్‌లో చేయాల్సింది పోటీ పని కాదు. మొదటి వారంలో ఆరు నుంచి తొమ్మిది వరకు అందరికీ ఒకే పేపరు పెట్టండి. ఇరవై చిన్న లెక్కలు, 40 నిమిషాలు, మార్కులు వేయవద్దు. నాలుగు ప్రక్రియలు, స్థాన విలువ, భిన్నాలు, దశాంశాలు, ఏడు నుంచి పైవాళ్లకు రుణ సంఖ్యలు. దిద్దేటప్పుడు తప్పు అని గీత కొట్టి వదలకండి, ఏం రాశారో రిజిస్టర్‌లో రాసుకోండి. పని అంతా అక్కడే ఉంది. 4003 − 1786 కి 3783 రాసిన పిల్లవాడు అప్పు తెచ్చుకోవడం మరిచిపోలేదు, ప్రతి నిలువు వరుసలోనూ పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడు. వాడికి తీసివేత మళ్లీ చెప్పనక్కర్లేదు, స్థాన విలువ చెప్పాలి. 0.45, 0.6 లో పెద్దది 0.45 అన్న పిల్ల 45నీ 6నీ పోల్చింది. 5 ÷ 1/2 కి రెండున్నర రాసినవాడు "సగం చేయి" అని చదువుకున్నాడు. 3/4 + 2/5 కి 5/9 రాసేవాళ్లు తొమ్మిదిలో కూడా ఉంటారు. వాళ్లకు క.సా.గు. పద్ధతి నాలుగోసారి చెబితే లాభం లేదు. "ముప్పావు కేజీ పప్పులో ఇంకాస్త పోస్తే సగానికి కాస్త ఎక్కువగా ఎలా మిగిలింది?" అని అడగండి. జవాబు తప్పని వాళ్లకే తెలిశాక పద్ధతి ఎక్కుతుంది.

రుణ సంఖ్యలది వేరే జబ్బు. −7 − 3 కి 10 అనీ, −4 అనీ రెండు రకాల తప్పులు వస్తాయి. రెండూ "మైనస్ మైనస్ ప్లస్" అనే ఒక్క వాక్యం నుంచే పుడతాయి. ఆ వాక్యం గుణకారానిది. పిల్లలు దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడేస్తారు. దీనికి మంచి సాధనం మన ఇళ్లలోనే ఉంది: ఆటలకు అరగదీసే చింతపిక్కలు. ఒక వైపు గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీయిస్తే తెలుపు ధన ఒకటి, నలుపు రుణ ఒకటి. ఒక తెలుపు, ఒక నలుపు కలిస్తే సున్నా, ఆ జంటను పక్కకు తీసేయొచ్చు. −7 − 3 అంటే ఏడు నల్లవి ఉన్నాయి, ఇంకో మూడు తెల్లవి తీసేయాలి. తెల్లవి లేవే? మూడు సున్నా జంటలు తెచ్చి పెట్టి, వాటిలోని తెల్లవి మూడూ తీసేస్తే పది నల్లవి మిగులుతాయి, −10. అదే −7 − (−3) అయితే ఏడు నల్లవాటిలోంచి మూడు తీసేయడం, −4. తరగతికి 400 పిక్కలు చాలు, ఇద్దరికి 20 చొప్పున. అరగదీసే పని పిల్లలే చేస్తారు, రెండు రోజుల్లో అయిపోతుంది. ఈ పిక్కల్ని దాచిపెట్టండి, సంభావ్యత పాఠానికి మళ్లీ పనికొస్తాయి. నాణెంలాగా సగం సగం పడవు. ఒక పిక్కను 200 సార్లు వేయించి తెలుపు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టిస్తే, సంభావ్యత అంటే ఎప్పుడూ 1/2 కాదని పిల్లలే తేలుస్తారు.

ఇలా తేలిన లోపాలకు జూన్ మూడో వారం నుంచి ఆరు వారాలు, రోజూ పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు కేటాయించండి. విడిగా వెనకబడినవాళ్ల క్లాసు అని పేరు పెట్టకండి. ఆ పేరు పడితే రావలసినవాళ్లే రారు.

ఇక వారానికి ఒక పీరియడ్ తీసి పక్కన పెట్టండి. ఆ పీరియడ్‌లో ఒక్కటే లెక్క. ప్రతి తరగతికీ, అందరికీ. పీరియడ్ ఎక్కడి నుంచి వస్తుందంటే, అభ్యాసంలోని పన్నెండు లెక్కల్నీ బోర్డు మీద చేయడం మానేస్తే వస్తుంది. రకానికొకటి చొప్పున నాలుగు మీరు చేయండి, మిగతావి నోటుబుక్‌లో పిల్లలు చేస్తారు. సిలబస్ వెనకబడేది పోటీల వల్ల కాదు, అన్నీ బోర్డు మీద రాసి పిల్లల చేత ఎక్కించడం వల్ల.

ఆ నలభై నిమిషాలు ఇలా నడపండి. లెక్క బోర్డు మీద రాసి ఐదు నిమిషాలు చదవనివ్వండి. ప్రశ్న ఏమడుగుతోందో ఒకరి చేత తెలుగులో చెప్పించండి. తర్వాత పదిహేను నిమిషాలు ఎవరికి వారు, మాటల్లేకుండా. ఆ తర్వాత పది నిమిషాలు పక్కవాళ్లతో. చివరి పది నిమిషాలు ముగ్గురు బోర్డు దగ్గరికి వస్తారు, వాళ్లలో ఒకరైనా తప్పు చేసినవాళ్లు కావాలి. రబ్బరు వాడనివ్వకండి, తప్పు పోయిన చోట ఒక అడ్డగీత చాలు. పిల్లలు చెరిపేసిన దాంట్లోనే సగం దారి దాగి ఉంటుంది. కష్టమైనది ఒకటే: ఆ పదిహేను నిమిషాలూ మీరు నోరు విప్పకుండా ఉండటం. ఆరో నిమిషంలో ఒకరు "రావట్లేదు మేడం" అంటారు. అప్పుడు సూచన ఇస్తే ఇక ప్రతి వారం ఆరో నిమిషానికి ఆగిపోతారు. "చిన్న సంఖ్యలతో చేసి చూడు" అనడం దాటి ఏమీ చెప్పకండి.

మొదటి వారానికి పనికొచ్చే లెక్క: 1 నుంచి 100 వరకు రాస్తే 7 అనే అంకె ఎన్నిసార్లు రాయాలి? ఆరో తరగతిలో 10, 11, 19, 20 నాలుగు జవాబులూ వస్తాయి. 10 అన్నవాళ్లు ఒకట్ల స్థానమే చూశారు. 11 అన్నవాళ్లకి 70 గుర్తొచ్చింది గానీ 71 నుంచి 79 దాకా పదుల స్థానంలో ఉన్న ఏడు కనపడలేదు. సరైనది 20. కానీ 19 అన్నవాళ్లని తప్పు అని కూర్చోబెట్టకండి, వాళ్లు వేరే ప్రశ్నకు జవాబు చెప్పారు: 7 ఉన్న సంఖ్యలు ఎన్ని అన్నదానికి. 77 ఒక్క సంఖ్యే, అంకె రెండుసార్లు. ఆ తేడా పిల్లల నోటి నుంచే రావాలి. ఎనిమిది, తొమ్మిది తరగతులకు అదే లెక్కని 1000 దాకా పొడిగించండి. అంకె 300 సార్లు వస్తుంది. సంఖ్యలైతే 271. రెండోది లెక్కపెట్టి చేయబోతే చిక్కుపడతారు, 7 లేనివి 9 × 9 × 9 = 729 అని తీసేస్తే ఒక్క వరుసలో తేలిపోతుంది. "అడిగింది కాకుండా దానికి ఎదురుది లెక్కపెట్టు" అనే ఎత్తు వాళ్లకి అక్కడ దొరుకుతుంది, ఇంటర్ దాకా పనికొస్తుంది.

రెండో నెలలో నిరూపణ వైపు తిప్పండి. మూడు వరుస సంఖ్యల లబ్ధం ఎప్పుడూ 6తో భాగించబడుతుందా? పిల్లలు 1 × 2 × 3, 2 × 3 × 4, 7 × 8 × 9 చేసి "కాబట్టి నిజం" అని రాస్తారు. ఉదాహరణలు నిరూపణ కావని మామూలుగా చెబితే వినరు, చూపించాలి. ఒక సంఖ్య తీసుకుని, దాని వర్గానికి అదే సంఖ్యనీ 41నీ కలపమనండి. 0 పెడితే 41, 1 పెడితే 43, 2 పెడితే 47, అన్నీ ప్రధాన సంఖ్యలే. 39 దాకా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 పెడితే 1681, అది 41 × 41. నలభై ఉదాహరణలు నిజమై నలభై ఒకటోది దెబ్బ కొట్టిందని కళ్లారా చూశాక "ఎందుకు?" అన్న ప్రశ్నకి విలువ వస్తుంది. అప్పుడు మూడు వరుస సంఖ్యల దగ్గరికి తిరిగి రండి. రెండు వరుస సంఖ్యల్లో ఒకటి సరి, మూడింటిలో ఒకటి 3 గుణిజం, కాబట్టి 6. ఇక్కడితో ఆపేస్తారు, మనం కూడా ఆపేస్తాం. ఒక మెట్టు తప్పిపోయింది: 2తోనూ 3తోనూ భాగించబడితే 6తో ఎందుకు భాగించబడాలి? 12 అనే సంఖ్య 4తో భాగించబడుతుంది, 6తో భాగించబడుతుంది, 24తో కాదు. 2, 3 పరస్పర ప్రధాన సంఖ్యలు కాబట్టే కుదిరింది. ఐఓక్యూఎం తర్వాతి మెట్టు ఆర్ఎంఓలో, అంటే ప్రాంతీయ ఒలింపియాడ్‌లో, ఇలాంటి వాక్యం వదిలేస్తే మార్కులు పోవచ్చు. పదో తరగతి నాలుగు మార్కుల ప్రశ్నలో అయినా పోయేది ఇలాంటి మెట్టు దగ్గరే.

ఇప్పుడు పోటీల సంగతి. మీ బడికి రెండే చాలంటాను: ఎనిమిదో తరగతికి ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష, ఇష్టపడే పిల్లలకు ఐఓక్యూఎం. మిగతావి చేతనైతే.

ఎన్ఎంఎంఎస్‌ని ముందు చెబుతున్నాను, ఎందుకంటే అది ఒక ఇంటికి డబ్బు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలకు, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకపోతే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. పరీక్షలో రెండు భాగాలు, 90 ప్రశ్నల చొప్పున. మేధాశక్తి భాగం ఒకటి, పాఠ్యాంశాల భాగం ఒకటి. పాఠ్యాంశాల్లో సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. లెక్కలు ఇరవయ్యేనా అనుకోకండి. మేధాశక్తిలో వచ్చే శ్రేణులు, సంకేతాలు, గడియారాలు, క్యాలెండర్లు, వెన్ చిత్రాలు అన్నీ సంఖ్యలతో చనువు ఉన్న పిల్లలకే లొంగుతాయి. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఖాళీ బబుల్ ఒక్కటీ వదలకూడదని గట్టిగా చెప్పండి. పరీక్ష డిసెంబరులో. తర్ఫీదు ఆగస్టు నుంచి, వారానికి మూడు స్టడీ అవర్లు, నవంబరులో ప్రతి శనివారం పూర్తి నిడివి పరీక్ష. 90 ప్రశ్నలకి 90 నిమిషాలు అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. మొదటిసారి పిల్లలు 50 దగ్గరే ఆగిపోతారు. చేతికి రాని ప్రశ్నను వదిలి ముందుకెళ్లడం కూడా నేర్పవలసిన విద్యే.

ఎన్ఎంఎంఎస్‌లో పిల్లలు లెక్కల వల్ల కంటే కాగితాల వల్ల ఎక్కువ నష్టపోతారు. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు, ఇంటిపేరు ముందుకీ వెనక్కీ మారడం, పుట్టిన తేదీ తేడా. ఎంపికయ్యాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసేటప్పుడు ఈ తేడా బయటపడుతుంది, అప్పటికి గడువు దగ్గరికొచ్చేస్తుంది. కాబట్టి జూలైలోనే ఎనిమిదో తరగతి పిల్లలందరి ఆధార్, బడి రిజిస్టర్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉన్నవాళ్లని తల్లిదండ్రులతో పాటు వార్డు సచివాలయానికి పంపండి. ఆదాయ ధ్రువపత్రానికీ అప్పుడే దరఖాస్తు పెట్టించండి. ఎంపికైన పిల్ల తొమ్మిదికి వచ్చాక ఏటా పోర్టల్‌లో రెన్యూవల్ చేయాలి. బడిలో ఒకరు ఆ జాబితా పట్టుకుని కూర్చోకపోతే రెండో ఏడాది డబ్బు ఆగిపోతుంది.

ఐఓక్యూఎం వేరే లోకం. దీన్ని నిర్వహించేది గణిత ఉపాధ్యాయుల సంఘం, ముంబైలోని హోమీ భాభా కేంద్రం తోడ్పాటుతో. ఎనిమిది నుంచి పన్నెండు దాకా రాయొచ్చు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు: పది ప్రశ్నలకు రెండేసి, పదింటికి మూడేసి, పదింటికి ఐదేసి. ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు పూర్ణాంకమే. జవాబు 7 అయితే 07 అని బబుల్ చేయాలి. ఇది చెప్పకపోతే చేసిన లెక్క చేజారిపోతుంది. ఇక్కడ నెగ్గినవాళ్లు నవంబరు ప్రాంతంలో ఆర్ఎంఓ రాస్తారు, మూడు గంటలకు ఆరు లెక్కలు, అన్నీ పూర్తి నిరూపణలే. ఆ పైన జనవరిలో జాతీయ స్థాయి ఐఎన్ఎంఓ, తర్వాత శిక్షణ శిబిరం, అక్కడి నుంచి ఆరుగురు ఐఎంఓ అనే అంతర్జాతీయ ఒలింపియాడ్‌కి. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో మన జట్టు నాలుగు స్వర్ణాలతో నాలుగో స్థానంలో నిలిచింది. దారి ఎక్కడిదాకా పోతుందో పిల్లలకు చెప్పండి.

తల్లిదండ్రులు "ఒలింపియాడ్" అన్నప్పుడు తొంభై పాళ్లు వాళ్ల మనసులో ఉండేది ఇది కాదు. ప్రైవేటు సంస్థలు బడుల ద్వారా ఫీజు కట్టించుకుని పెట్టే గంట బిట్ల పరీక్ష. వాటిలో ఒకదాని పొట్టిపేరు కూడా ఐఎంఓ కావడంతో గందరగోళం ఇంకా పెరిగింది. అవి చెడ్డవని కాదు, పిల్లలకు ఉత్సాహం ఇస్తాయి. కానీ అందులో పతకం వచ్చినంత మాత్రాన అంతర్జాతీయ ఒలింపియాడ్ దారిలో ఒక్క మెట్టు కూడా ఎక్కినట్టు కాదు. కట్టగలిగినవాళ్లు కట్టుకుంటారు. కట్టలేని పిల్లలు తక్కువైపోయినట్టు అనిపించేలా తరగతిలో దాని గురించి మాట్లాడకండి. చిన్న పిల్లలకు ఇంకో మంచి దారి చెన్నైలోని ఏఎంటీఐ అనే లెక్కల టీచర్ల సంఘం పెట్టే ఎన్ఎంటీసీ పోటీ. ఐదు, ఆరు తరగతుల నుంచే మొదలవుతుంది, రెండేసి తరగతులకు ఒక స్థాయి. లెక్కలు ఆలోచింపజేసేవి, పాత పేపర్లు ఒక్క లెక్క పీరియడ్‌కి బాగా పనికొస్తాయి.

ఐఓక్యూఎం గుంపుని ఎఫ్ఏ మార్కులు చూసి ఎంచకండి. నోటీసు పెట్టి వచ్చినవాళ్లందరినీ తీసుకోండి. ముప్పై మంది వస్తారు, దసరాకి పద్దెనిమిది అవుతారు, ఆ పద్దెనిమిది మందితో నడుస్తుంది. వారానికి రెండు సాయంత్రాలు, 45 నిమిషాల చొప్పున. బడి సిలబస్‌లో లేనివి మూడు ఉన్నాయి. శేషాల లెక్క ఒకటి: 7ని 2025 సార్లు గుణిస్తే చివరి రెండు అంకెలు ఏవి? 7 నాలుగో ఘాతం 2401, చివర 01, కాబట్టి నాలుగు నాలుగుగా పోతే మిగిలేది ఒక్క 7, జవాబు 07. లెక్కింపు పద్ధతులు రెండోది. పావురాల గూళ్ల సూత్రం మూడోది: నలభై మంది ఉన్న తరగతిలో ఒకే నెలలో పుట్టినవాళ్లు కనీసం నలుగురు తప్పక ఉంటారు, నెలకు ముగ్గురే అయితే 36తో ఆగిపోవాలి కదా. ఈ మూడింటికి అక్టోబరు నుంచి జనవరి దాకా పెట్టండి. బీజీయ సర్వసమీకరణాలు, పూర్ణాంక సాధనలు ఫిబ్రవరి, మార్చిల్లో. జ్యామితిని జూన్, జూలైలకు ఉంచుకుంటే తొమ్మిదో తరగతి వృత్తాలు, త్రిభుజాలు వాటికి తోడవుతాయి. ఆగస్టులో పాత పేపర్లు తప్ప ఏమీ చెప్పకండి.

జ్యామితిలో అందరూ చేసే తప్పు బొమ్మను నమ్మడం. లంబంలా కనబడితే లంబం అనేసుకుంటారు. దీనికి మందు: ఒకే లెక్కకి ఇద్దరి చేత రెండు ఆకారాల్లో బొమ్మ గీయించండి, ఒకటి సన్నగా, ఒకటి వెడల్పుగా. రెండింటిలోనూ నిజంగా కనబడేదాన్నే ఊహగా తీసుకుని నిరూపించమనండి.

భాష దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. పేపరు ఇంగ్లీషు, హిందీల్లో వస్తుంది. మన పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో పక్కపక్కనే ఉండటం పెద్ద సాయం, దాన్ని వాడుకోండి. అయినా కొన్ని మాటలు దొర్లిపోతాయి. "కన్సెక్యూటివ్" అన్నా "రెస్పెక్టివ్లీ" అన్నా తెలుగులో మనం "వరుసగా" అనే రాస్తాం. "మూడు వరుస సంఖ్యలు" వేరు, "భుజాలు వరుసగా 3, 4, 5" వేరు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు చదివే పిల్ల ఇక్కడ తడబడుతుంది. "డిజిట్" అంకె, "నంబర్" సంఖ్య, ఇంట్లో రెండూ నంబరే. "అట్ లీస్ట్" అంటే కనీసం, "అట్ మోస్ట్" అంటే మించకుండా, "డిస్టింక్ట్" అంటే వేర్వేరు. ఇలాంటి ముప్పై మాటలు చార్టు మీద రాసి గోడకు అంటించండి, పక్కన ఒక్కోదానికి ఒక చిన్న లెక్క ఉండాలి. అర్థం మాత్రం రాస్తే గుర్తుండదు.

ఐఓక్యూఎం పరీక్షా కేంద్రం విశాఖ నగరంలో ఉంటుంది, ఆదివారం. పెందుర్తి నుంచి అమ్మాయిని ఒంటరిగా పంపడానికి ఇంట్లో వెనకాడతారు, ఆ వెనకాడటంలోనే కొందరి ఏడాది కష్టం పోతుంది. పిల్లల్ని ఒక చోట చేర్చి, ఒక టీచరు తోడుగా బస్సులో తీసుకెళ్లి తీసుకొస్తారని హాల్ టికెట్ రాకముందే ఇళ్లకు చెప్పండి. అమ్మాయిలకు ఇదే మెట్ల మీదుగా యూరోపియన్ బాలికల గణిత ఒలింపియాడ్‌కి వెళ్లే భారత జట్టు దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు.

అక్టోబరు, నవంబరుల్ని సిలబస్ కోసం ఎప్పుడూ పూర్తిగా లెక్కేసుకోకండి. విశాఖలో అవి తుపాను నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పటి సంగతి ఊరికి తెలుసు. అంతటిది రాకపోయినా వాయుగుండం పేరుతో రెండు మూడు రోజుల సెలవులు వస్తూనే ఉంటాయి. ప్రతి తరగతికీ ఎనిమిది పీరియడ్లు ఖాళీగా రాసిపెట్టుకోండి. తుపాను రాకపోతే అవి పదో తరగతికి పునశ్చరణ.

డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు, 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవం. చాలా బడుల్లో ఉపన్యాసాలు, ముగ్గులు, చార్టులతో అయిపోతుంది. ఆ రోజు చేయించదగ్గ పనులు రెండున్నాయి.

మొదటిది నీడ. ఆ తేదీ దక్షిణాయనం చివర, మధ్యాహ్నపు నీడ ఏడాదిలో అన్నిటికంటే పొడవుగా ఉండే రోజు. 22 ఆదివారమైతే 21నో 23నో చేసినా తేడా ఉండదు. సరిగ్గా మీటరు పొడవున్న కర్రను సమతలం మీద నిలబెట్టండి, దారానికి రాయి కట్టి రెండు వైపుల నుంచి నిటారుగా ఉందో లేదో చూడండి. 11.30 నుంచి ఐదేసి నిమిషాలకు నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టి పొడవు రాయించండి, 12.20 దాకా. అతి పొట్టి నీడ పన్నెండింటికి రాదు. విశాఖ మన గడియారపు రేఖాంశానికి కాస్త తూర్పున ఉంది కాబట్టి 11.55 ప్రాంతంలో వస్తుంది. ఇదే పిల్లలకు మొదటి ఆశ్చర్యం. నీడ దాదాపు 87 సెంటీమీటర్లు. 0.87 టాన్ విలువగా ఉండే కోణం 41 డిగ్రీలు, అందులోంచి భూమి వంపు 23.4 తీసేస్తే 17.6. విశాఖ అక్షాంశం 17.7. ఒక కర్రతో, పదో తరగతి త్రికోణమితితో తమ ఊరు భూగోళం మీద ఎక్కడుందో కనుక్కున్నట్టు. తేడా వస్తే కారణాలు రెండే: కర్ర వంగి ఉండటం, లేదా వాననీరు పోవడానికి వాలుగా వేసిన సిమెంటు గచ్చు. కర్ర నీడ వైపుకి రెండు డిగ్రీలు వంగితే జవాబు దాదాపు ఒక డిగ్రీ తప్పుతుంది. నీడ కొస సెంటీమీటరు పైన మసకగా ఉంటుంది, సూర్యుడు చుక్క కాదు కాబట్టి. మసక మధ్యలో గుర్తు పెట్టమనండి.

రెండోది ఆరు, ఏడు తరగతులకు. నాసిక్ దగ్గర దేవలాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ కనిపెట్టిన 6174. నాలుగంకెల సంఖ్య తీసుకోండి, అంకెలన్నీ ఒకటే కాకూడదు. పెద్ద నుంచి చిన్నకి, చిన్న నుంచి పెద్దకి పేర్చి తీసివేయండి, మళ్లీ మళ్లీ. ఏడు మెట్లలోపు 6174కి చేరుతుంది. "మాకు రాలేదు మేడం, సున్నా వచ్చింది" అనే పిల్లలు ఉంటారు. 2111 తీసుకుంటే 2111 − 1112 = 0999. పిల్లలు ముందున్న సున్నా వదిలేసి 999 రాస్తారు, తర్వాతిది 999 − 999 = 0. సున్నాని ఉంచితే 9990 − 0999 = 8991, తర్వాత 8082, 8532, 6174. స్థాన విలువ ఎందుకు ముఖ్యమో ఇంతకంటే బాగా చెప్పే లెక్క నాకు కనబడలేదు.

పదో తరగతి గురించి తక్కువే చెబుతాను, అది మీకు తెలిసిన దారే. 100 మార్కుల పేపరులో 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఆఖరి ఐదింటికే 40 మార్కులు. అత్తెసరు పిల్లల చేత ఒక మార్కు బిట్లు ఎక్కువగా చదివించడం మన అలవాటు, దానికంటే గ్రాఫు లాంటి ఎనిమిది మార్కులవి రెండు చేతికొచ్చేలా చేస్తే ఎక్కువ మేలు. గ్రాఫులో పోయే మార్కులు స్కేలు రాయకపోవడం, అక్షాలకు పేరు పెట్టకపోవడం వల్ల. మధ్యగతం లెక్కలో మధ్యగత తరగతి సంచిత పౌనఃపున్యాన్నే పెట్టేస్తారు, పెట్టాల్సింది దాని ముందున్న తరగతిది. ఈ ఒక్క తప్పుని సంక్రాంతి సెలవుల ముందు స్లిప్ టెస్టులో మూడుసార్లు పెట్టండి. జనవరి నుంచి పదో తరగతి పిల్లల్ని ఏ పోటీకీ కదపకండి.

ఇక ప్లాన్ కాగితం. హెచ్ఎం గారికి రెండు వరుసల్లో రాసివ్వండి. పై వరుసలో జూన్ నుంచి ఏప్రిల్ దాకా పాఠాలు, ఎఫ్ఏలు, ఎస్ఏలు అనే బడి పరీక్షలు, ఖాళీ పీరియడ్లు. కింద వరుసలో సెప్టెంబరు నుంచి మరుసటి సెప్టెంబరు దాకా పోటీ గుంపు. రెండూ ఢీకొనే చోట్లు మూడు కనబడతాయి: ఆగస్టు చివర, నవంబరు, మార్చి. ఆ మూడు చోట్ల సాయంత్రం క్లాసులు వారానికి ఒకటికి తగ్గించండి. ఇద్దరు టీచర్లు ఉన్నారు కాబట్టి ఎన్ఎంఎంఎస్ ఒకరు, ఐఓక్యూఎం ఒకరు పట్టుకుంటే మంచిది. ఇద్దరూ రెండూ చేయబోతే నవంబరుకి రెండూ జారతాయి.

ఏప్రిల్‌లో బడి మూసే ముందు వారం, జూన్‌లో పెట్టిన ఆ ఇరవై లెక్కల పేపరే మళ్లీ పెట్టండి. రిజిస్టర్‌లో జూన్ తప్పు పక్కన ఏప్రిల్ తప్పు రాయండి. 3783 రాసినవాడు ఇప్పుడేం రాశాడో చూడండి. ఆ రిజిస్టర్‌ని, పిక్కల డబ్బాని, పోటీ గుంపు పిల్లల నోటుబుక్కుల్ని ఒకే బీరువాలో పెట్టి తాళం హెచ్ఎం గారికి ఇవ్వండి. మీకు బదిలీ అయినా వచ్చే జూన్‌లో వచ్చేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు.